జీవన నైపుణ్యాలు సదస్సుల్లో కూర్చుంటే వచ్చేవి కావు: యువజన కార్యక్రమాలు ఎక్కడ ఫలిస్తాయి, ఎందుకు?

ఇంటర్ చదివే కుర్రాడికి బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోతుందని తెలియదా? తెలుసు. పది పాసైన అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమని తెలియదా? అదీ తెలుసు. బడిలో చెప్పారు, టీవీలో చూశారు, అంగన్‌వాడీ గోడ మీద రాసి ఉంది. అయినా పక్కనున్న స్నేహితుడు ఫోన్ చేతికిచ్చి "ఒక్క వంద పెట్టి చూడరా" అంటే వద్దనడానికి నోరు రాదు. ముందు గదిలో సంబంధం మాట్లాడుతుంటే వంటింట్లోంచి బయటికొచ్చి "నేను చదువుకుంటా నాన్నా" అనడానికి గొంతు పెగలదు.

ఈ పిల్లల్లో లోపించింది సమాచారం కాదు. తెలిసినదాన్ని, నలుగురి ముందు, గుండె దడదడలాడుతున్న ఆ నిమిషంలో చేసి చూపించే సత్తువ. దాన్నే జీవన నైపుణ్యం అంటున్నాం. ఆ సత్తువ రావాలంటే ఊళ్లో, వాడలో పిల్లలకంటూ ఒక చోటు ఉండాలి, వాళ్ల చేతికి నిజమైన పని అప్పగించాలి, వదలకుండా వెంట నిలిచే అన్నో అక్కో ఉండాలి. ఈ మూడూ ఉన్న కార్యక్రమాలు పిల్లల బతుకులు మార్చాయి. ఇవి లేని చోట పుస్తకం ఎంత మంచిదైనా ఫలితం రాలేదు. దీనికి ఆధారాలు మన దగ్గరా ఉన్నాయి, బయటి దేశాల్లోనూ ఉన్నాయి.

ముందు మాటల దగ్గరున్న తికమక తీర్చుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో పది ముఖ్య నైపుణ్యాలను చెప్పింది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థానంలో నిలబడి చూడగలగడం, విన్నదాన్ని తర్కించి చూడటం, కొత్తగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతకడం, చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పడం, నలుగురితో కలిసి మెలగడం, ఒత్తిడిని తట్టుకోవడం, ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడం. మన దగ్గర చాలా కాలేజీల్లో ఈ పేరు మీద జరిగేది వేరు. ఇంగ్లిష్‌లో పరిచయం చేసుకోవడం, రెజ్యూమే రాయడం, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పడం. అవీ అవసరమే, కాదనను. కానీ అది ఉద్యోగానికి తయారీ. కుట్టుమిషను, ఏసీ మెకానిక్ శిక్షణ వృత్తి నైపుణ్యం. జీవన నైపుణ్యం ఈ రెండింటికీ అడుగున ఉంటుంది. అది లేకపోతే శిక్షణ పూర్తిచేసిన కుర్రాడు మొదటి నెలలో మేస్త్రీ తిట్టాడని పని మానేసి ఇంటికొస్తాడు.

ఈ పది నైపుణ్యాలనూ పది పీరియడ్లుగా విడగొట్టి చెప్పొచ్చని అనుకోవడం ఇంకో పొరపాటు. బతుకులో అవి ఎప్పుడూ విడివిడిగా రావు. లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకుని ఇరుక్కుపోయిన కుర్రాడి సంగతే చూడండి. వసూలు చేసేవాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫొటోలు పంపిస్తామని బెదిరిస్తున్నారు. ఆ రాత్రి వాడు భయాన్ని తట్టుకోవాలి. ఇంకో యాప్‌లో అప్పు తీసి ఇది కడదామన్న ఆలోచనను తనే ఆపుకోవాలి. ఎవరికి చెప్పుకోవాలో తేల్చుకోవాలి. నాన్నకు ఏ మాటతో మొదలుపెట్టాలో కూడగట్టుకోవాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ఉందని గుర్తు రావాలి. ఒక్క రాత్రిలో ఆరేడు నైపుణ్యాలు కావాలి. వాటిని ఆ రాత్రే నేర్చుకోవడం కుదరదు. అంతకుముందే, ప్రమాదం లేని చోట, చిన్న చిన్న విషయాల్లో సాధన జరిగి ఉండాలి.

సాధన గుంపులోనే ఎందుకు జరగాలి? ఈ వయసులో నిర్ణయాలు పుట్టేది గుంపులోనే కాబట్టి. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. టీనేజర్లు, కాలేజీ వయసువాళ్లు, పెద్దవాళ్లు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడారు. కొందరు ఒంటరిగా, కొందరు తమ ఈడు స్నేహితులు చూస్తుండగా. పక్కన స్నేహితులుంటే పెద్దవాళ్ల తీరు పెద్దగా మారలేదు. టీనేజర్లు మాత్రం బాగా ఎక్కువ తెగించారు. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే కుర్రాడు ముగ్గురు బైక్ మీద ఎక్కగానే వేరే మనిషి ఎందుకవుతాడో అమ్మానాన్నలకు అర్థం కాదు. తరగతిలో బెంచీ మీద ఒంటరిగా రాసిన జవాబు ఆ బైక్ మీద పనికిరాదు. వద్దనడం నేర్చుకోవాలంటే స్నేహితుల మధ్యే నేర్చుకోవాలి. వాళ్లు నవ్వినా నిలబడగలనన్న ధైర్యం వాళ్ల ముందే రావాలి.

మన ఊళ్లలో దీనికి సరైన ఉదాహరణ ఏ పథకంలోనూ లేదు. వినాయక చవితి మండపంలో ఉంది. పదిహేను నుంచి ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు నెల ముందే కూర్చుంటారు. నిరుడు మిగిలిన డబ్బెంత, ఎవరి దగ్గరుంది, ఈసారి విగ్రహం ఎన్ని అడుగులు, మట్టిదా ప్లాస్టర్‌దా అని తేల్చుకోవాలి. రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లాలి. "పోయినేడు లెక్క చెప్పలేదు, ఈసారి ఇవ్వను" అనే పెద్దాయనకు గొంతు పెంచకుండా జవాబు చెప్పాలి. పోలీస్ స్టేషన్‌లో అనుమతి కాగితం, కరెంటోళ్లతో మాట, మైక్ ఎన్నింటికి ఆపాలన్న షరతు. పక్క వీధి వాళ్ల ఊరేగింపు ఎదురైతే ఎవరు దారివ్వాలన్న తగువు. లడ్డూ వేలంలో పాడినవాడు డబ్బు కట్టకపోతే ఎలా అడగాలన్న ఇబ్బంది. చివరికి నిమజ్జనం అయ్యాక ఖర్చు లెక్కంతా కాగితం మీద రాసి గుడి గోడకు అంటించాలి. బడ్జెట్, ఒప్పించడం, జట్టు పని, కోపాన్ని దిగమింగడం, పదిమందికి జవాబు చెప్పుకోవడం అన్నీ అక్కడున్నాయి. వాళ్లకు ఎవరూ మాడ్యూల్ ఇవ్వలేదు. పని నిజమైనది, పొరపాటు చేస్తే పరువు పోతుంది, అందుకే నేర్చుకుంటారు.

అదే మండపం దగ్గర ఇంకో సంగతీ కనిపిస్తుంది. ఆ కమిటీలో అమ్మాయిల పేర్లు ఉండవు. వాళ్లు ముగ్గు వేస్తారు, పూజకు వస్తారు, రసీదు పుస్తకం మాత్రం వాళ్ల చేతికి రాదు. కొన్ని ఊళ్లలో ఎస్సీ వాడ పిల్లలు వేరే మండపం పెట్టుకుంటారు, ఎందుకో అందరికీ తెలుసు. నిమజ్జనం రాత్రి మందు తాగడమే మగతనమని చిన్నోళ్లు పెద్దోళ్లను చూసి నేర్చుకునేదీ అక్కడే. పని దానంతటదే అన్నీ నేర్పుతుంది, మంచీ చెడూ కలిపి. ఏది నేర్పాలో, ఎవరిని లోపలికి పిలవాలో ఎవరైనా దగ్గరుండి చూసుకోవాలి. యువజన కార్యక్రమం అవసరం అక్కడే మొదలవుతుంది.

బయటి దేశాల్లో ఈ విషయాన్ని జాగ్రత్తగా కొలిచినవాళ్లు ఉన్నారు. బంగ్లాదేశ్‌లో పుట్టిన బ్రాక్ సంస్థ 2008లో ఉగాండాలో టీనేజ్ అమ్మాయిలకు క్లబ్బులు పెట్టింది. బడిలో కాదు, ఊళ్లోనే ఒక స్థిరమైన గది. వారంలో ఐదు రోజులు మధ్యాహ్నం పూట తెరిచి ఉండేది. బడికి వెళ్లేవాళ్లూ రావచ్చు, మానేసినవాళ్లూ రావచ్చు. నడిపేది ఆ ఊరిదే, వాళ్లకంటే కొంచెం పెద్దదైన అమ్మాయి. ఆటలు, పాటలు, శరీరం గురించీ హక్కుల గురించీ మాటలు, దాంతోపాటు చేతిపని శిక్షణ. క్లబ్బులున్న వంద ప్రాంతాలను లేని యాభై ప్రాంతాలతో పోల్చి చూశారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే క్లబ్బులున్న చోట చిన్న వయసులో తల్లులయ్యే అమ్మాయిలు దాదాపు మూడో వంతు తగ్గారు. చిన్న వయసులోనే పెళ్లి లేదా కాపురం సగానికి పైగా తగ్గింది. సొంత సంపాదన ఉన్నవాళ్లు పెరిగారు.

ఇదే కార్యక్రమాన్ని బ్రాక్ టాంజానియాలోనూ నడిపింది. అక్కడ చెప్పుకోదగ్గ ఫలితమేమీ రాలేదు. పుస్తకం అదే, సంస్థ అదే. అమలుకు కావలసిన వనరులే సరిగా సమకూరలేదని పరిశోధకులు తేల్చారు. ఈ రెండు దేశాల కథను నేను ఎక్కడ మాట్లాడినా చెప్తాను. మన అధికారులు ఒక చోట విజయవంతమైన పథకం కాగితాలు తెచ్చి ఇంకో చోట పెడితే చాలనుకుంటారు. కాగితంతో పాటు గది, జీతం, పర్యవేక్షణ రాకపోతే కాగితం ఒక్కటే ఏం చేస్తుంది?

సియెర్రా లియోన్‌లో జరిగింది ఇంకా లోతైన సంగతి. బ్రాక్ అక్కడ ఇవే క్లబ్బులు మొదలుపెట్టే సమయానికి, 2014లో, ఎబోలా వచ్చిపడింది. బళ్లు మూతపడ్డాయి. క్లబ్బుల్లేని ఊళ్లలో, ముఖ్యంగా రోగం దెబ్బ గట్టిగా తగిలిన చోట, అమ్మాయిలు గర్భవతులై చదువు మానేయడం పెరిగింది. క్లబ్బులున్న ఊళ్లలో ఆ నష్టం బాగా తగ్గింది. బళ్లు తిరిగి తెరిచాక ఈ అమ్మాయిలు ఎక్కువమంది తిరిగి చేరారు. పుస్తకంలో ఉన్న పాఠం కంటే, రోజూ వెళ్లి కూర్చోవడానికి భయంలేని చోటు ఒకటి ఉండటమే వాళ్లను కాపాడిందని నాకనిపిస్తుంది. కరోనా రెండేళ్లలో మన బళ్లు మూతపడి ఉన్నప్పుడు అలాంటి చోటు ఊరికొకటి ఉండి ఉంటే ఎంతమంది అమ్మాయిలకు పెళ్లి తప్పేదో!

అయితే చోటు ఒక్కటి సరిపోతుందా? జాంబియా అనుభవం సరిపోదంటుంది. రాజధాని లుసాకాలో ఎనిమిదో తరగతి అమ్మాయిలకు రెండు వారాల్లో ఆరు సెషన్లు, ఒక్కోటి రెండేసి గంటలు, ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడి ఒప్పించుకోవాలో నేర్పారు. పోలిక కోసం ఇంకో బృందానికి పాఠమేమీ లేకుండా కూర్చుని ఆడుకునే చోటు మాత్రమే ఇచ్చారు. తర్వాతి మూడేళ్లలో చదువు నిలబెట్టుకున్నది ప్రధానంగా మాట్లాడటం నేర్చుకున్నవాళ్లే. ఉగాండా, జాంబియా ఒకదానికొకటి అడ్డం పడుతున్నట్టు కనిపిస్తాయి, నిజానికి పడవు. చోటు పిల్లలను రప్పిస్తుంది, నిలుపుతుంది. నేర్పేది సాధన. చోటు లేని సాధన పరీక్ష అయిపోగానే మరిచిపోయే పాఠం, సాధన లేని చోటు కాలక్షేపం.

లుసాకా పాఠంలో నాలుగు మెట్లున్నాయి. నాకేం కావాలి, నీకేం కావాలి, ఇద్దరికీ కలిసేది ఎక్కడ, దాని మీద ఏం కట్టొచ్చు. దీన్ని మన ఇంటికి తెచ్చుకుంటే ఎలా ఉంటుందో చూడండి. సాయంత్రం మహిళా సంఘం భవనంలో పదిహేనుమంది అమ్మాయిలు గుండ్రంగా కూర్చున్నారు. ఒకమ్మాయి కూతురు, ఒకమ్మాయి నాన్న. కూతురు టౌన్‌లో డిగ్రీలో చేరతానంటుంది. నాన్న వేషం వేసిన పిల్ల చెలరేగిపోతుంది, ఎందుకంటే ఆ మాటలన్నీ ఇంట్లో విన్నవే. "ఇంకో మూడేళ్లు ఆగితే కట్నం ఎంతవుద్దో తెలుసా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు? మీ అక్కను చదివిస్తే ఏం ఒరగబెట్టింది?" కూతురు మొదటిసారి ఏడుస్తుంది, రెండోసారి అరుస్తుంది. బృందాన్ని నడిపే అక్క ఆట ఆపి ఒక్క ప్రశ్న అడుగుతుంది: "నాన్నకు అసలు భయం దేనికి?" అందరూ ఆలోచిస్తారు. ఒక్కొక్కరూ చెప్తారు. సాయంత్రం ఆరింటి బస్సు తప్పితే తర్వాతి బస్సు ఎనిమిదిన్నరకు. ఆ రెండున్నర గంటలు బస్టాండులో కూతురు ఒంటరిగా ఉంటుందన్న భయం. చదువు మీద కోపం కాదది. మూడోసారి కూతురు బస్సు దగ్గర మొదలుపెడుతుంది. మన ఊరి నుంచి అదే కాలేజీకి ఇంకెవరెవరు వెళ్తున్నారు, మధ్యాహ్నం బ్యాచ్ కాకుండా పొద్దున బ్యాచ్ దొరుకుతుందా, హాస్టల్ సీటుకు ఎప్పటిలోగా పెట్టుకోవాలి. తర్వాత వేషాలు మార్చుకుంటారు. నాన్నగా కూర్చున్నప్పుడే నాన్న కష్టం తెలుస్తుంది. ఎదుటివారి స్థానంలో నిలబడటం అన్న నైపుణ్యాన్ని ఇంతకంటే బాగా ఏ ఉపన్యాసం నేర్పుతుంది?

ఈ అవసరం మనకు ఎంత ఉందో ఒక్క అంకె చెప్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3.

ఇదంతా విదేశాల నుంచి తెచ్చుకోవలసిన విద్యేమీ కాదు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ గ్రంథాలయాల్లో జరిగింది పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే కాదు. పత్రిక పైకి చదివి వినిపించడం, సభలో లేచి మాట్లాడటం, చందా లెక్క రాయడం, రాత్రి బడి నడపడం అన్నీ కుర్రాళ్లే చేశారు. జాతీయోద్యమంలోకీ, నిజాం రాష్ట్రంలో ఆంధ్రమహాసభలోకీ వచ్చిన ఎంతోమందికి నోరు తిరిగింది అక్కడే. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మనందరి రేడియో అన్నయ్య, అక్కయ్య, బాలానంద సంఘాలతో పిల్లలకు మైకు ముందు భయం పోగొట్టారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిపూట లాంతరు వెలుగులో చదువు చెప్పినవాళ్లు చాలావరకు ఊళ్లోని యువతీయువకులే, జీతం లేకుండా. ఆ వాచకాల్లో ఒక పాఠం సారా వల్ల ఇల్లు గుల్లయిన సీతమ్మ కథ. ఆ పాఠం మీద చర్చ పుట్టింది. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా బండిని ఊళ్లోకి రానివ్వలేదు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారాను నిషేధించింది. చదువుకున్న స్త్రీల ధైర్యం గురించి చాలామంది రాశారు, రాయాలి కూడా. పాఠం చెప్పిన ఆ ఇరవయ్యేళ్లవాళ్ల గురించి తక్కువ రాశారు. తమ తల్లి వయసు ఆడవాళ్ల ఎదురుగా కూర్చుని చర్చ నడపడం, ఎవరినీ కించపరచకుండా తప్పు దిద్దడం, ఊరి పెద్ద బెదిరిస్తే మర్నాడు మళ్లీ వెళ్లడం. వాళ్లు నేర్చుకున్నది తక్కువా?

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి పనిలో ఉన్న పిల్లలను బడికి పంపే ఉద్యమం అక్కడ సాగింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. ఆ పిల్లల కోసం శిబిరాలు పెట్టి, వయసుకు తగిన తరగతిలో చేరేలా తయారుచేశారు. ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను, ఆసాములను ఒప్పించింది ఎక్కువగా ఆ ఊళ్లలోని యువత. చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు. ఆసామి దగ్గర అప్పు తీర్చడానికి పనిలో పెట్టిన పిల్లను విడిపించాలంటే తగాదా పడకూడదు, తగ్గకూడదు. ఆ రెంటి మధ్య నడవడం ఏ తరగతిలో నేర్పుతారు? సేవ చేస్తూ నేర్చుకున్న యువతను మనం "వలంటీర్లు" అని మాత్రమే అంటాం. అసలు విద్యార్థులు వాళ్లే.

ఇక ప్రభుత్వాల వైపు చూస్తే పథకాలకు కొదవ లేదు. జాతీయ సేవా పథకం, మనందరి నోట్లో ఎన్‌ఎస్‌ఎస్, గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. నా ఉద్దేశంలో మన దగ్గర ఉన్నవాటిలో ఆ ఏడు రోజులూ చాలా విలువైనవి. ఇంటి నుంచి దూరంగా, పరిచయం లేని ఊళ్లో, యాభైమంది కలిసి బడి వరండాలో పడుకుని, వంతులవారీగా వండుకుని, పొద్దున పనిచేసి, సాయంత్రం ఇంటింటికీ వెళ్లి మాట్లాడే అవకాశం డిగ్రీ మూడేళ్లలో ఇంకెక్కడా రాదు. ప్రోగ్రాం ఆఫీసర్ ఆ వారాన్ని పిల్లల చేతికి వదిలితే, ఏం పని చేయాలో ఊరివాళ్లను అడిగి వాళ్లే తేల్చుకుంటే, ఆ వారం గట్టిగా పనిచేస్తుంది. ముందే రాసుకున్న కార్యక్రమ పట్టికతో మొక్కలు నాటి, ర్యాలీ తీసి, ఫొటోలు పంపించేస్తే ఊరికీ ఏమీ మిగలదు, పిల్లలకూ మిగలదు. నాటిన మొక్కకు వేసవిలో నీళ్లెవరు పోస్తారో తేల్చుకోవడమే అసలు పాఠం.

నెహ్రూ యువ కేంద్రాలు 1972లో మొదలయ్యాయి. ఊళ్లలో యువజన సంఘాలకు వాటివల్ల ఒక చిరునామా దొరికింది. 2010లో కిశోర బాలికల కోసం 200 జిల్లాల్లో వచ్చిన సబల పథకం ఆలోచన మాత్రం చక్కనిది. అంగన్‌వాడీ కేంద్రంలో పదిహేను నుంచి పాతికమంది అమ్మాయిల బృందం, వాళ్లలోంచే ఒక సఖి, ఆమెకు ఇద్దరు సహేలీలు. చోటూ ఉంది, అక్కా ఉంది. తర్వాత పథకం రూపం మారి, కొన్నేళ్లపాటు బడి మానేసిన 11–14 ఏళ్లవాళ్లకు పరిమితమైంది. పెళ్లి ఒత్తిడి గట్టిగా మొదలయ్యేది పదిహేనుకు. సరిగ్గా ఆ వయసుకే గొడుగు తీసేసినట్టయింది. 2014 జనవరిలో వచ్చిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఊరికి నలుగురు, ఇద్దరమ్మాయిలు ఇద్దరబ్బాయిలు, తోటి పిల్లలకు మార్గదర్శులుగా ఉండాలంది. ఈడువాళ్లే చెప్తే వింటారన్న ఆలోచన సరైనదే. కానీ పదహారేళ్ల పిల్లకు ఒకసారి శిక్షణ ఇచ్చి, కిట్ చేతిలో పెట్టి, తర్వాత ఎవరూ పలకరించకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది? మరో ఏడాదికి ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్లిపోతుంది. ఆ స్థానంలోకి ఎవరొస్తారన్నది ముందే అనుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది.

వీటన్నిటిలోనూ మళ్లీ మళ్లీ తేలేది ఆ అన్న, ఆ అక్క సంగతి. రాజస్థాన్‌లో అజ్మేర్ చుట్టుపక్కల ప్రభుత్వ బళ్లలో ఆరో తరగతి అమ్మాయిలతో రూమ్ టు రీడ్ సంస్థ రెండేళ్లు జీవన నైపుణ్యాల తరగతులు నడిపింది. బడి మానేసేవాళ్లు సుమారు నాలుగో వంతు తగ్గారు. తరగతి చెప్పిన ఆవిడ బడికి రాని అమ్మాయి ఇంటికి కూడా వెళ్లేది. రెండు రోజులు కనిపించకపోతే తలుపు తట్టే మనిషి ఉందన్న మాట ఇంట్లోవాళ్లకూ తెలుస్తుంది, పిల్లకూ తెలుస్తుంది. మన కార్యక్రమాల బడ్జెట్లు తీసి చూడండి. ఫ్లెక్సీకి, భోజనాలకు, టీషర్టులకు డబ్బుంటుంది. ఆ తలుపు తట్టే మనిషికి నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం ఉండదు, ఉన్నా నెలల తరబడి రాదు. కార్యక్రమాలు చచ్చిపోయేది ఇక్కడే.

ఈ మనిషి ఎవరై ఉండాలి? టీచరు కాకపోతే మంచిది, ఎందుకంటే మార్కులు వేసే మనిషి ముందు పిల్లలు తప్పు ఒప్పుకోరు. మరీ పెద్దవాళ్లు కాకూడదు. ఇరవై రెండు నుంచి ముప్పై మధ్య, అదే ఊరివాళ్లు, కొంచెం ముందు అదే దారిలో నడిచినవాళ్లు. అమ్మాయిలకు అక్కే ఉండాలి. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదని, పిల్లల ఫోన్లకు రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టకూడదని, ఇబ్బంది ఉంటే పిల్లలు ఇంకెవరికి చెప్పుకోవాలో గోడ మీద రాసి ఉండాలని మొదటి రోజే నియమం పెట్టుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి పిల్లకూ నోటికి రావాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. నమ్మకంతో పంపిన చోటే పిల్లకు హాని జరిగితే ఆ ఊళ్లో మళ్లీ పదేళ్లు ఏ కార్యక్రమమూ లేవదు.

ఎవరు రావడం లేదన్నది కూడా రోజూ చూసుకోవాలి. వచ్చేవాళ్లను లెక్కపెట్టడం తేలిక. పొద్దున్నే మిరప కోతకు వెళ్లే అమ్మాయి, మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు, వికలాంగులైన పిల్లలు, ఊరి చివర వాడలో ఉండేవాళ్లు మొదటి వారం రారు. సమావేశం ఆదివారం పది గంటలకు పెడితే ఎప్పటికీ రారు. భవనం ఏ వీధిలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. కొన్ని వీధుల్లోకి కొందరు పిల్లలు ఇప్పటికీ బెరుగ్గానే అడుగుపెడతారు. అబ్బాయిలను వదిలేయడం మరో పెద్ద లోటు. అమ్మాయిలకు ధైర్యం నేర్పి, అన్నదమ్ములకు ఏమీ నేర్పకపోతే ఆ ధైర్యం ఇంటికెళ్లాక దెబ్బలు తింటుంది. వంట చేయడం, ఏడుపు వస్తే దాచుకోకుండా చెప్పుకోవడం, అమ్మాయి కాదంటే అక్కడితో ఆగడం అబ్బాయిలకు జీవన నైపుణ్యాలే.

ఫలితాన్ని ఎలా కొలవాలి? హాజరు పట్టీ, ఫొటోలు, సర్టిఫికెట్ల సంఖ్య పైవాళ్లకు పంపడానికి పనికొస్తాయి. నేనైతే ఏడాది తర్వాత వేరే సంగతులు అడుగుతాను. సమావేశాన్ని పెద్దవాళ్లు లేకుండా పిల్లలే నడపగలుగుతున్నారా? ఖర్చు లెక్క ఎవరు రాస్తున్నారు, అందరికీ చూపిస్తున్నారా? గొడవపడి వెళ్లిపోయిన పిల్ల తిరిగొచ్చిందా? మొదటి నెలలో నోరు విప్పనివాళ్లు ఇప్పుడు ఏం మాట్లాడుతున్నారు? ఎవరైనా ఒకరు కష్టమొచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు? ఈ ప్రశ్నలకు జవాబులు అంకెల్లో రావు, అయినా అబద్ధం చెప్పడం కష్టం.

మొదలుపెట్టడానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. పంచాయతీ భవనమో, గ్రంథాలయమో, మహిళా సంఘం గదో వారానికి రెండు సాయంత్రాలు, ఎప్పుడూ అదే రోజు, అదే వేళ. పదిహేను ఇరవైమంది, అంతకంటే ఎక్కువైతే రెండు బృందాలు. మొదటి నెల ఆటలు, మాటలు, ఒకరినొకరు తెలుసుకోవడం. రెండో నెల నుంచి ఊరికి పనికొచ్చే ఒక నిజమైన పని వాళ్ల చేతికి ఇవ్వండి. గ్రంథాలయం సాయంత్రం తెరవడం, వృద్ధుల పింఛను కాగితాలు నింపిపెట్టడం, చిన్న పిల్లలకు లెక్కలు చెప్పడం, ఊరి చెరువు గట్టు మీద చెత్త ఎక్కడి నుంచి వస్తోందో రాసి సర్పంచికి ఇవ్వడం. దానికి రెండు వేలో మూడు వేలో డబ్బు కూడా వాళ్ల చేతికే ఇచ్చి లెక్క అడగండి. ఒకసారి లెక్క తప్పుతుంది. ఎలా తప్పిందో అందరూ కూర్చుని చూడాలి, డబ్బు వెనక్కి తీసేసుకోకూడదు.

డబ్బు ఎక్కడిదంటే, ప్రతి పంచాయతీ ఏటా గ్రామసభలో తన అభివృద్ధి ప్రణాళిక రాసుకుంటుంది. దాంట్లో రోడ్డు, డ్రైను, వీధిదీపాల పక్కన యువజనుల పేరు సాధారణంగా కనిపించదు, ఎందుకంటే ఆ సభలో లేచి అడిగేవాళ్లు ఉండరు. ఈసారి మీ ఊళ్లో ఆ సభ జరిగినప్పుడు మూడు విషయాలు రాయించండి: భవనం తాళంచెవి వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు ఇవ్వాలని, నడిపే అక్కకో అన్నకో నెలనెలా గౌరవ వేతనం పంచాయతీ సొంత ఆదాయంలోంచో, దాతల నుంచో సమకూర్చాలని, ఆరు నెలలకోసారి ఆ పిల్లలే సభ ముందుకొచ్చి తమ పని, తమ లెక్క చదివి వినిపించాలని. ఆ మూడో విషయాన్ని తీర్మానంలోంచి తీసేయనివ్వకండి.